నేను చూడని ఆఖరి రీలు

చిన్నతనంలో తెలివితక్కువ పనులు చేసినవాళ్ళు వాటిని వయసు మీదికి నెట్టేసి హాయిగా ఉంటారు. నాకా సదుపాయం లేదు, ఎందుకంటే నేను చేసిన పని తెలివి తక్కువై చేసింది కాదు, ఎక్కువై చేసింది. చివరిదాకా చూడని ఒక సినిమాకి చివర ఏమైందో చెప్పాను. చెప్పింది మా మేనత్తకి. ఇంతేనా అని మీరు నవ్వవచ్చు. నేనూ కొన్నాళ్ళు నవ్వాను.

ఇంత పాతది ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న ఆదివారం మా మనవరాలు తన ఫోనులో ఏదో నలుపు తెలుపు సినిమా పెట్టి, దాన్ని మంచినీళ్ళ చెంబుకి ఆనించి నా ముందు నిలబెట్టింది. చూడడం అయ్యాక ఎన్ని స్టార్లు ఇస్తానో చెప్పాలట. పేర్లు పడుతుండగానే గుర్తుపట్టాను. అదే సినిమా. యాభై ఏళ్ళకి పైగా నేను పేరెత్తకుండా తప్పించుకు తిరిగిన సినిమా, అరచేతి వెడల్పయి వచ్చి నా మంచినీళ్ళ చెంబుకి ఆనుకుని కూర్చుంది. విశ్రాంతి దాటి కొంతదూరం వెళ్ళేదాకా ఓపిక పట్టాను గాని, ఒక బైరాగి వచ్చి కథలో ఇల్లాలి గుమ్మం ముందు నిలబడేసరికి లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. తాతయ్యకి నచ్చలేదని అది నా తరఫున ఒకే ఒక్క స్టారు ఇచ్చేసింది. నచ్చకపోవడం కాదమ్మా అని చెప్పబోయి, చెబితే చాలా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఆ చాలా చెప్పడం మీ దగ్గరైతే నయం, మీకు టూరింగు టాకీసు డేరా అంటే ఏమిటో మళ్ళీ వివరించనక్కర్లేదు.

అరవైల చివరి సంవత్సరాలవి. నాకు ఇరవై రెండేళ్ళు. చీపురుపల్లికి కోసున్నర దూరంలో ఉన్న మా ఊరి నుంచి సైకిలు మీద వెళ్ళి అక్కడి పంచాయతీ సమితి బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. పగలు పిల్లలకి మార్కులు వేసి వేసి ఆ చెయ్యి ఊరుకోక, సాయంత్రం సినిమాలకి కూడా వేసేది. సినిమాలంటే నాకున్నంత ప్రేమా, సినిమాలంటే నాకున్నంత ద్వేషమూ ఒకే మనిషిలో పట్టడానికి నేను కొంచెం ఇరుకనే చెప్పాలి, అప్పట్లో బక్కగా ఉండేవాణ్ణి. కోరుకున్నది ఎవరికీ దక్కని సినిమాలంటే ప్రాణం. కవలపిల్లలూ, వరదలో విడిపోవడాలూ, ఒంటిమీది మచ్చని బట్టి కొడుకునో మొగుణ్ణో పోల్చుకోవడాలూ అంటే ఒళ్ళుమంట. అన్నిటికన్నా, పోయినవాళ్ళు తిరిగి రావడమంటే మరీను. కథ రాసేవాడికి ఇంటికెళ్ళే వేళయితే కథలోవాళ్ళనందర్నీ ఇళ్ళకి తోలేస్తాడని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని టీకొట్టు దగ్గర రోజుకి రెండుసార్లు, ఎవరూ అడక్కుండానే ప్రతిపాదించేవాణ్ణి.

బళ్ళో నాతోపాటు ఇద్దరు కుర్ర మేష్టర్లు నాకు శిష్యులయ్యారు. మా ముగ్గురికీ ఒక నియమం. సినిమా తప్పుదారి పట్టిందని నాకు తోచగానే నేను లేస్తాను, వాళ్ళూ లేస్తారు. లేచినవాళ్ళం డేరా అంచునుంచి చల్లగా జారుకోకుండా, మిషనుకీ తెరకీ నడుమనుంచి, వెలుగుకి అడ్డంగా, తీరిగ్గా నడిచి పోవాలి. మా తలల నీడలు తెరమీద ఏడుస్తున్న కథానాయిక మొహం మీదుగా సాగిపోయేవి. నేలమీద ఇసకలో కూర్చున్న జనం మా ఏడు తరాలనీ పేరు పేరునా తిట్టేవారు. నా విమర్శలో తెరకెక్కిన భాగమంటూ ఉంటే ఆ నీడ ఒక్కటే.

ఇక మా మేనత్త. నాన్నగారి చెల్లెలు. పద్నాలుగో ఏట పెళ్ళయింది, పదహారో ఏట మా మావయ్య బియ్యం మిల్లులో పనికని రంగం వెళ్ళాడు. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. రెండు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత యుద్ధం వచ్చింది, ఆపైన ఏమీ రాలేదు. రంగం పోయిన మనిషి మళ్ళీ రంగం మీదికి రాలేదని నేను చమత్కరించేవాణ్ణి, అత్త వినకుండా. ఆవిడ అత్తగారు బతికుండగా ఒక కట్టడి పెట్టిందట. పెనిమిటి సముద్రం అవతల ఉన్నన్నాళ్ళూ ఇల్లాలు వేడుకలేవీ కళ్ళజూడకూడదని. జాతర గాని, భాగోతం గాని, తోలుబొమ్మలు గాని. ఆ అత్తగారు పోయింది, అత్త మా ఇంటికి వచ్చేసింది, కట్టడి మాత్రం ఆవిడతోపాటే వచ్చింది. పావలా కాసంత బొట్టుతో, వీధిలోంచి పెళ్ళి ఊరేగింపు వెళుతుంటే తలుపు వెనక్కి తప్పుకునే మనిషిని ఏళ్ళ తరబడి మా ఇల్లు చూసింది.

అయినా అత్తకి సినిమాలంటే చెప్పలేనంత ఇష్టం. చూడకుండా ఇష్టపడడం ఎలాగంటారేమో, పాటల పుస్తకాలు ఉన్నాయి కదా. డేరా ముందు అమ్మే ఆ పల్చటి పుస్తకాల్లో పాటలకి ముందు కథాసంగ్రహం వేసేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. కథంతా చెప్పినట్టే చెప్పి, సరిగ్గా ముడి పడ్డ చోట ఆపేసి, తరువాత ఏమి జరిగినదో వెండితెరపై చూచి ఆనందించవలసిందని సెలవిచ్చేవారు. అత్తకి వెండితెర లేదు. నేనున్నాను. సినిమా చూసొచ్చిన మర్నాడు ఉదయం ఆ పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చి, ముడి పడ్డ చోట వేలు పెట్టి నన్ను చెప్పమనేది. ఇది మాత్రం కట్టడి దాటడం కాదా అని ఒకసారి నేను వేళాకోళమాడితే ఆవిడ ఏమీ తడుముకోలేదు.

"సూడొద్దన్నాది మా అత్త. ఇనొద్దన్నేదు గదరా అల్లుడూ."

అప్పటికి రెండు మూడేళ్ళ ముందే రంగం నుంచి మనవాళ్ళు కుటుంబాలతో సహా ఓడలెక్కి తిరిగి రావడం మొదలైంది. వాళ్ళలో ఒకాయన చీపురుపల్లి స్టేషను ముందు వేపచెట్టు కింద గొడుగులు బాగుచేస్తూ కూర్చునేవాడు. ప్రతి సంతరోజూ అత్త నన్ను ఆయన దగ్గరికి పంపేది. అడగవలసిందీ ప్రతివారమూ ఒకటే. ఎడమ కనుబొమ మీద గాటున్న మనిషి, బియ్యం మిల్లులో పని, పాడితే ముక్కుతో పాడతాడు, అక్కడివాళ్ళెవరైనా ఎరుగుదురా అని. ఆయన గొడుగు ఊచ మీంచి తలెత్తి ప్రతివారమూ ఒకే జవాబు చెప్పేవాడు, కనుక్కుంటాను మేష్టారూ, ఇంకా వొచ్చీవోళ్ళు ఉన్నారు అని. మచ్చల్ని బట్టి మనుషుల్ని పోల్చుకునే సినిమాల్ని చీల్చి చెండాడుతూనే, వారం వారం ఒక గాటుని మోసుకుని స్టేషనుకి వెళుతున్నది నేనేనని నాకు ఒక్కనాడైనా తట్టలేదు చూడండి, తెలివి ఎక్కువవడమంటే అదే.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది. ఒక రైతు పడవెక్కి దూరదేశం పోతాడు, ఇల్లాలు పిల్లల్ని పెంచుతూ రేవు కేసి చూస్తూ ఉంటుంది. పాటల పుస్తకం ఆ రేవు దగ్గరే ఆగిపోయింది. అత్త దాన్ని మూడుసార్లు చదివి, ఈ సినిమాకి ఎప్పుడు వెళతావని నన్ను రోజూ అడిగింది. వెళ్ళాను. విశ్రాంతి తర్వాత కాసేపటికి బైరాగి వచ్చి, నీ భర్త క్షేమంగా ఉన్నాడమ్మా అనేసరికి, ఇహ వీడు తిరిగొచ్చేస్తాడని నాకు అర్థమైపోయింది. లేచాను. శిష్యులూ లేచారు. నా తల నీడ ఆ ఇల్లాలి మొహం మీదుగా వెళ్ళింది. మూడు రీళ్ళో నాలుగు రీళ్ళో మిగిలే ఉన్నాయి.

మర్నాడు ఉదయం అత్త అరుగు మీద కూర్చుని నువ్వులు చెరుగుతోంది. పుస్తకం పక్కనే ఉంది. సగంలో లేచి వచ్చేశానని చెబితే మేష్టరు పరువు పోతుంది. కాబట్టి ఆ సినిమా ఎలా ముగిస్తే నాకు నచ్చేదో అలా ముగించాను. అంత బాగా నేను జీవితంలో మరే కథా చెప్పలేదు. జుత్తు నెరిసిన ఇల్లాలు బుట్టలో భోజనం పెట్టుకుని రేవుకి వెళుతుంది, పడవ వస్తుంది, ఒక్కొక్కరే దిగుతారు, అందరూ దిగుతారు, పడవ ఖాళీ అవుతుంది. తాడు విప్పుకుని పడవ వెనక్కి తిరుగుతుంది. ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని ఇంటికి నడుస్తుంది. అంతే అత్తా అన్నాను. మెచ్చుకుంటుందని చూశాను.

చేట ఆగింది.

"అయితే రాడన్నమాట."

"రాడత్తా. వస్తే అది కథెలా అవుతాది," అన్నాను నేను.

అత్త మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఆ వారం సంతకి వెళుతూ ఏమైనా అడగమంటావా అంటే, ఏటీ నేదు, బెల్లం తే అంది. ఒక పని తప్పిందని నేను సంతోషించానని ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. చివరికి గొడుగులాయనే నన్ను పిలిచి, మీ అత్తగారు ఈమధ్య ఏటీ అడగడం నేదేటి మేష్టారూ అన్నాడు. సైకిలు పట్టుకుని ఆ వేపచెట్టు కింద నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను. రైలు ఒకటి వచ్చి వెళ్ళిపోయింది. నేను చెప్పిన పడవ ఎవరి పడవో నాకు అప్పుడు తెలిసింది.

ఆ వారమే మా అమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి, జనం తగ్గక ఇంకా ఆడుతున్న ఆ సినిమాకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆఖర్న ఆయన వచ్చేశాడట, ఇల్లాలు కనుబొమ్మలు చూసి పోల్చుకుందట, డేరా డేరా అంతా ఒకటే ఏడుపట. అత్త నవ్వి, నువ్వూ నీ కొడుకూ కూడబలుక్కుని నన్ను ఊరడిస్తన్నారా వదినా అంది. నేను చేతులు పట్టుకుని నిజం చెప్పాను, సగంలో లేచొచ్చానని, మిగిలింది నా కల్పనేనని. ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? నేను చెప్పిన అబద్ధంలో పడవ తాడు విప్పడం కూడా ఉంది, ఇప్పుడు చెబుతున్న నిజంలో క్షమించమనడం తప్ప ఇంకేమీ లేదు.

సినిమాని మా డేరాలోంచి ఎత్తేసి కోటబొమ్మాళికి పంపారు. అక్కడ మా అక్కని ఇచ్చారు. వచ్చి నీ కళ్ళతోనే చూడు అత్తా అన్నాను. కట్టడి గుర్తుచేస్తుందనీ, ఏడుస్తుందనీ, నెలరోజులు బతిమాలాలనీ అనుకున్నాను. అత్త పద అంది. అంతే, ఒక్క మాట. అది నా గెలుపే అనుకున్నాను.

మధ్యాహ్నం పాసింజరులో వెళ్ళాం. అత్త వేయించిన వేరుశనగకాయలు మూట కట్టుకుంది. డేరాలో ఆడవాళ్ళ వైపు అక్క పక్కన కూర్చోబెట్టి, తాడుకి ఇవతల వాళ్ళ వెనగ్గా నేను కూర్చున్నాను. తెరమీద బొమ్మ పడగానే అందరూ ముందుకి చూస్తే, అత్త వెనక్కి తిరిగి, మిషను లోంచి వస్తున్న వెలుగుని, అందులో తిరుగుతున్న ధూళిని చాలాసేపు చూసింది. పదహారో ఏటి తర్వాత ఆ నలభై రెండేళ్ళ మనిషికి అదే మొదటి వేడుక. బైరాగి వచ్చే చోట ఎవడో లేచి మిషనుకి అడ్డంగా నడిచాడు. అతని నీడ ఇల్లాలి మొహం మీదుగా సాగింది. అది నా నీడేననీ, చీపురుపల్లి నుంచి నాకన్నా ముందు రైలెక్కి వచ్చి కూర్చుందనీ అనిపించింది. తర్వాత రేవూ, పడవా, దిగినాయన, కనుబొమ్మలు, కౌగిలింత. జనం ముక్కులు చీదుకున్న చప్పుడు తప్ప డేరాలో ఇంకేమీ వినపడలేదు. అత్త కాయలు ఒలుచుకుంటోంది.

అక్కా వాళ్ళింటికి నడుస్తూ, చూశావా అత్తా, వచ్చాడు కదా అన్నాను.

"నువ్వు సెప్పిందే బాగున్నాదిరా. అన్నేళ్ళు పోయినోడికి ఇంటి దారి గురుతుంటాదేటి? ఆడు పడవ దిగిన కాడ్నుంచీ అబద్ధమైపోనాది."

నాలుగడుగులు వేశాక, వచ్చే వారం మన డేరాలో ఏ బొమ్మ వేస్తారు అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు. అత్త కట్టడి దాటి రాలేదు. దాటడానికి కట్టడి ఇంకెక్కడుంది? సముద్రం అవతల మనిషి ఉన్నంతకాలమే గదా అది. ఆవిడ బొట్టు తియ్యలేదు, ఎదురుచూపు తీసేసింది. ఆ పని యుద్ధం చెయ్యలేకపోయింది, ఇరవై అయిదేళ్ళ మౌనం చెయ్యలేకపోయింది, నేను ఒక్క ఉదయంలో చేశాను.

ఆ తర్వాత అత్త ఒక్క సినిమా వదల్లేదు. మా చుట్టుపక్కల అంత కఠినమైన విమర్శకురాలు పుట్టలేదు. పోయినవాడు తిరిగొచ్చే సూచన కనిపిస్తే చాలు, చేతిసంచి సర్దుకుని లేచిపోయేది, వెలుగుకి అడ్డంగానే. అత్తని చూసి మరో నలుగురు ఆడవాళ్ళు లేచేవారు. మేష్టారూ, మీ అత్తగారిని కొంచెం చివర్న కూర్చోమనండి అని డేరా మేనేజరు నాకు చేతులు జోడించాడు. ఊరంతా నవ్వుకునేది, నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. అయితే తెరమీద ఆవిడ నీడ సాగుతుంటే మాత్రం తల దించుకునేవాణ్ణి. నా పెళ్ళయింది, నా సిద్ధాంతాలు ఒక్కొక్కటే రాలిపోయాయి, ఆ ఒక్కటీ తప్ప నేను ఏ సినిమానైనా శుభం పడేదాకా బల్లకి అతుక్కుని కూర్చోవడం నేర్చుకున్నాను. సగంలో లేస్తే ఎవరికో ఏదో అయిపోతుందని భయం.

ఇప్పుడు సినిమాలన్నీ మనవరాలి ఫోనులోనే ఉన్నాయి. ఏదీ ఏ ఊరినుంచీ రానక్కర్లేదు, ఎవరూ దేనికీ ఎదురుచూడనక్కర్లేదు. ముడి దగ్గర ఆపేసి పొమ్మనే పుస్తకం లేదు, ముడి విప్పే మనిషి అక్కర్లేదు. మంచిదే. ఒకరి కథకి ముగింపు ఇంకొకరి నోట్లో ఉండడం ఎంత ప్రమాదమో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా, చెప్పేదాకా పుస్తకం మీంచి వేలు తియ్యకుండా కూర్చునే ఆ మనిషిని తలుచుకుంటే, ఈ ఫోను చాలా ఒంటరి వస్తువని తోస్తుంది.

ఆ ఇరవై రెండేళ్ళ మేష్టరు మీద నేను పగ తీర్చుకున్నాను. చిన్నదే. అదొక్కటీ చెప్పి ముగిస్తాను.

పదేళ్ళు గడిచాక అత్త కళ్ళకి పొరలు కమ్మాయి. ఆపరేషను చేయించుకోనని మొండికేసింది. తెరమీద బొమ్మలు ఆనడం లేదు. ఒక వర్షాకాలం మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, మళ్ళీ వెనకటిలా ఏదైనా బొమ్మ సెప్పరా అల్లుడూ అంది. నేను చెప్పాను. ఎవరూ తియ్యని, ఎక్కడా ఆడని సినిమా. ఆ మేష్టరు దేన్ని దేన్ని అసహ్యించుకునేవాడో గుర్తుచేసుకుని మరీ ఒక్కొక్కటే అందులో పెట్టాను. కవలలున్నారు, వరద వచ్చింది, బైరాగి వచ్చాడు, ముక్కుతో పాడే పాట కూడా ఉంది. చివర్న, ఎడమ కనుబొమ మీద గాటున్న ఒక ముసలాయన వానలో రైలు దిగాడు.

అత్త విమర్శకురాలు కదా, ఊరుకుంటుందా, ఇన్నేళ్ళ తర్వాత ఆడికి ఇంటి దారి ఎలా గురుతున్నాదని నిలదీసింది.

"గురుతు లేదత్తా. స్టేషను ముందు గొడుగులు బాగుచేసే ఆయనుంటే, దారి అడిగాడు."

అత్త అరుగు అంచుకి జరిగింది. చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ బొమ్మ ఏ ఊళ్ళో ఆడుతోందని అడిగింది. గజపతినగరంలో అన్నాను.

"అయితే ఇటుకేసి వస్తాదిలే," అంది. ఇంకాసేపటికి, గొంతు తగ్గించి, "ఆ గొడుగులాయన ఇంకా ఉన్నాడేట్రా?"

"ఉన్నాడత్తా."

"రేపు సంతే గదా. ఓసారి అడుగు."

గొడుగులాయన పోయి అప్పటికే నాలుగేళ్ళు. వేపచెట్టు కింద సోడాల బండి ఉంది. మర్నాడు వెళ్ళి, అడగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అక్కడ నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి అత్త అరుగు చివర, వీధికేసి మొహం పెట్టి కూర్చుని ఉంది. కనుక్కుంటానన్నాడని చెప్పాను. ఇంకా వచ్చేవాళ్ళు ఉన్నారట అని చెప్పాను.